చిప్పెండేల్ పీఠములు: కర్తృత్వవిచారము

ఆంగ్లదేశపు గ్రామసీమలలోఁ బ్రభువంశములవారి మహాగృహములందుఁ బూర్వకాలపుఁ గుర్చీలు, బల్లలు, బీరువాలు పెక్కులు గలవు. వానిలో ననేకములను జనులు చిప్పెండేల్ అని వ్యవహరింతురు. ఈ శబ్దము కర్తను దెలుపునా, రీతిని దెలుపునా యనునది విచార్యము.

థామస్ చిప్పెండేల్ యార్కుషైరు మండలమందలి ఆట్లీలో 1718లో జ్ఞానస్నానము పొంది, లండను నగరమున వడ్రంగిపనిశాల నడపి, 1779లో మృతినొందెను. ఆతఁడు 1754లో 160 పటములతో నొక నమూనాగ్రంథమును బ్రకటించెను. 1762 నాఁటి మూఁడవ కూర్పున నవి 200 అయ్యెను. దానిని గొన్నవారిలోఁ బ్రభువులే కాక తక్కిన వడ్రంగులును గలరు. పటముఁ జూచి నేర్పరి యెవఁడైనను జేయవచ్చును గదా! ప్రోక్తార్థమును గృతార్థమును బాణిని వేఱువేఱుగాఁ జెప్పెను. ఆ పటముల ననుసరించిన పీఠము చిప్పెండేలుచే ప్రోక్తమగును. తత్కృత మనుటకు వేఱు ప్రమాణము వలయును.

ఆ ప్రమాణ మెద్ది? ఆతఁడు తన పనిపై ముద్ర వేయువాఁడు కాఁడు. కావున లెక్కపత్రములే శరణ్యములు. యార్కుషైరునందే నాస్టెల్ ప్రయరీ యను గృహమునకు సంబంధించి, సర్ రోలండ్ విన్నునకు వచ్చిన జాబులును లెక్కచీట్లును నిలిచియున్నవి. అచటి గ్రంథశాలలోని మహాగని బల్లకు 1767లో 72 పౌనుల 10 షిల్లింగులు వ్రాయఁబడినవి. హేర్‌వుడ్ గృహమున డయానా, మినర్వా దేవతల రూపములను రంగుచెక్కలతోఁ బొదిగిన సొరుగులబల్ల యొకటి గలదు. దానికి 1773లో 86 పౌనులు పడినవి. ఇది ప్రాచీన రోమక రీతిది; నమూనాగ్రంథమున నిట్టిది లేదు. గ్రంథమందలి రీతియే లక్షణ మన్నచోఁ బరకృతములగు పీఠములయం దతివ్యాప్తి, స్వకృతమగు నీ బల్లయం దవ్యాప్తి. ఈ రెండు దోషములు గల లక్షణము గ్రాహ్యము కాదు.

రీతి దేశమును సైతము నిర్ణయింపఁజాలదు. పదునెనిమిదవ శతాబ్దిని విశాఖపట్టణపు శిల్పు లాంగ్లాకృతులతోనే కుర్చీలు, పెట్టెలు చేసి దంతము పొదిగిరి. వానిలోఁ గొన్ని యోడలపై నింగ్లండు చేరెను. ఆకృతిమాత్రమే ప్రమాణమైనచో నవియు లండనుకృతము లనవలసివచ్చును.

ఇది శబ్దవాదము మాత్రమే కాదు. ప్రసిద్ధనామము తగిలించినచో వెల పెరుఁగును; నిజముగాఁ జేసిన శిల్పి మఱుఁగుపడును. కావున లెక్కపత్రమందలి వర్ణనము వస్తువుతో సరిపడినచోఁ గర్తృనామ మొప్పును. లేనిచోఁ జిప్పెండేల్ రీతి యనుటయే సాధువు.