దూత – వ్యాకరణవేత్త: ఒక్టావియో పాజ్ రాయబార జీవితం, రచన – ఒక పరిశీలన

వాల్మీకి రామాయణం కిష్కింధాకాండలో హనుమంతుడు రామలక్ష్మణుల ముందుకు మొదటిసారి వచ్చేది సుగ్రీవుని దూతగా, భిక్షు వేషంలో. అతని మాటలు విన్న రాముడు లక్ష్మణునితో చెప్పిన వాటిలో రెండు సంగతులు ఇక్కడ ముఖ్యం. ఇతడు వ్యాకరణాన్ని సమగ్రంగా, పలుమార్లు విన్నవాడై ఉండాలి, ఇంతసేపు మాట్లాడినా ఒక్క అపశబ్దం దొర్లలేదు అన్నది ఒకటి. ఇటువంటి దూత లేని రాజుకు కార్యాలు ఎలా నెరవేరుతాయి అన్నది మరొకటి. ఈ రెండూ ఒకే ప్రసంగంలో, ఒకే వ్యక్తిని గురించి, ఒకే కారణంగా వచ్చిన మాటలు. ‘నవవ్యాకరణ పండితుడు’ అన్నా, ‘రామదూత’ అన్నా తెలుగువారి మనసులో వేర్వేరు మూర్తులు నిలవవు.

మెక్సికో కవి ఒక్టావియో పాజ్ (1914–1998) ఈ రెంటినీ విడదీశాడు. 1945లో తన దేశపు విదేశాంగ సేవలో చేరి 1968 వరకు, అంటే 23 ఏళ్ళపాటు, పాజ్ దౌత్యోద్యోగి. చివరి ఆరేళ్ళు ఢిల్లీలో రాయబారి. ఆ పదవి విడిచిన రెండేళ్ళకు, 1970 వేసవిలో కేంబ్రిడ్జిలో ఉండగా, హనుమంతుని పేరు మీదుగా ఒక వచన గ్రంథం రాశాడు. 1972లో ఫ్రెంచిలోను, 1974లో స్పానిష్‌లోను వెలువడిన ఆ గ్రంథాన్ని ఆంగ్ల పాఠకులు ‘ది మంకీ గ్రామేరియన్’గా ఎరుగుదురు. ఆంజనేయునికి ఉన్న అనేక బిరుదుల్లో రాయబారిగా పనిచేసిన ఈ కవి శీర్షికకు ఎన్నుకొన్నది వ్యాకరణకర్తను, దూతను కాదు. ఈ ఎంపిక యాదృచ్ఛికం కాదని, పాజ్ ఉద్యోగజీవితపు చివరి వారాలలోనే దాని కారణం ఉందని నిరూపించడం ఈ వ్యాసోద్దేశం. పాజ్ రచనలను నేను ఆంగ్లానువాదాలలో మాత్రమే చదివాను. కనుక స్పానిష్ శబ్దసౌందర్యం జోలికి పోవడం లేదు.

ముందుగా ఉద్యోగం సంగతి. పాజ్ తండ్రి న్యాయవాది; మెక్సికో విప్లవ కాలంలో రైతు నాయకుడు సపాతా తరఫున అమెరికాలో ప్రతినిధిగా పనిచేశాడు. రాయబారం ఆ ఇంటికి కొత్త కాదన్న మాట. అయితే తండ్రి తిరుగుబాటుదారుకు దూత, కొడుకు ప్రభుత్వానికి దూత. పాజ్ మొదట పారిస్ కార్యాలయంలో చిన్న ఉద్యోగి. మెక్సికన్లు తమ ముఖాలకు తొడుక్కొనే ముసుగులను గురించిన ప్రసిద్ధ గ్రంథం ‘ఏకాంతపు చిక్కుదారి’ (1950) అక్కడ ఉద్యోగం చేస్తూ రాసినదే. 1951 చివర మొదటిసారి బొంబాయిలో దిగాడు. కొన్ని నెలలకే టోక్యోకు, ఆపై జెనీవాకు బదిలీలు. 1953లో స్వదేశం, 1959లో మళ్ళీ పారిస్. 1962లో ఢిల్లీకి రాయబారిగా వచ్చినప్పుడు ఆఫ్ఘనిస్తాన్, సిలోన్‌ల బాధ్యత కూడా ఆయనదే. భారతదేశం నుంచి లంకకు రాయబారిగా వెళ్ళినవాడు హనుమంతునిపై పుస్తకం రాసి, ఆ పోలికను శీర్షికలోకి రానివ్వకపోవడం గమనించదగినది.

ఢిల్లీ సంవత్సరాలు పాజ్ కవిత్వానికి అత్యంత ఫలవంతమైనవి. 1969లో వెలువడిన ‘తూర్పు వాలు’ సంపుటిలో లోదీ తోటలు, హుమాయూన్ సమాధి, ఉదయపూర్‌లతోబాటు మదురై, కొచ్చిన్, ఉదకమండలం ఉన్నాయి. వీణ, మృదంగాల కచేరీ మీద కూడా ఒక కవిత ఉంది. నాగార్జునుని పేరూ పాజ్ కవిత్వంలో వినిపిస్తుంది. కృష్ణానది మీద ఆ ఆచార్యుని పేరిటి ఆనకట్ట లేస్తున్నది సరిగ్గా ఈ సంవత్సరాలలోనే. అయినా పాజ్‌కు నాగార్జునుడు ఒక శూన్యతా సిద్ధాంతమే తప్ప ఒక నదీతీరం కాదు. 1995లో వచ్చిన ‘భారతదేశపు వెలుగులో’ అన్న వచన గ్రంథంలో ఈ పరిమితి మరింత కనబడుతుంది. కవితల్లో దక్షిణం దాకా నడిచిన మనిషి, వచనంలో మొగలులు, కాంగ్రెసు, సంస్కృత ముక్తకాల చుట్టూ ఎక్కువగా తిరుగుతాడు. రాయబారి కార్యాలయపు కిటికీ నుంచి చూస్తే కనిపించే దేశం అది. పదవి విడిచి 27 ఏళ్ళయినా ఆ కిటికీ వచనాన్ని విడిచిపెట్టలేదు.

ఇక 1968. ఆ వేసవి నుంచి మెక్సికోలో విద్యార్థుల ఆందోళన పెరిగింది. అక్టోబరు 12న ఒలింపిక్ క్రీడలు మొదలు కావలసి ఉంది. వివిధ దేశాలు విద్యార్థి ఉద్యమాలను ఎలా ఎదుర్కొంటున్నాయో ప్రభుత్వం తన రాయబారులను అడిగినప్పుడు పాజ్ సెప్టెంబరులో దీర్ఘమైన లేఖ రాసి, బలప్రయోగం కాదు సంస్కరణలు కావాలని సూచించాడు. అక్టోబరు 2న రాజధానిలోని త్లతెలోల్కో కూడలిలో సైన్యం గుంపుపై కాల్పులు జరిపింది. మృతుల సంఖ్య నేటికీ వివాదాస్పదమే. ఆ వార్త విన్న పాజ్ పదవి నుంచి తప్పుకొన్నాడు. సాధారణంగా కథ ఇక్కడ ముగుస్తుంది, రాజీనామా చేసిన కవి కీర్తిమంతుడవుతాడు.

అయితే ఆ కథలో ఒక మెలిక ఉంది. అక్టోబరు 4న విదేశాంగ మంత్రికి పాజ్ రాసిన లేఖలో కోరినది సర్వీసు నిబంధనలలో ఉన్న ఒక వెసులుబాటును. ఉద్యోగి ఏ పదవీ లేకుండా, పేరు మాత్రం జాబితాలో ఉండేట్లు పక్కన ఉంచే పద్ధతి అది. దీన్ని పట్టుకొని, అది నిజమైన రాజీనామా కాదు, తలుపు కొంచెం తెరిచి ఉంచిన నిష్క్రమణ అని ఎత్తిపొడిచినవారున్నారు. సమర్థకులు ఆ మాటను తేలికగా దాటవేస్తారు. నాకు రెండు పక్షాలూ ఒకే పొరపాటు చేస్తున్నాయనిపిస్తుంది: ఇద్దరూ లేఖనే ప్రధాన పాఠంగా తీసుకొన్నారు.

లేఖ తేదీ అక్టోబరు 4. ‘మెక్సికో: 1968 ఒలింపిక్స్’ అన్న కవిత కింద ఉన్న తేదీ ఢిల్లీ, అక్టోబరు 3. ఒలింపిక్స్ సందర్భంగా ఏర్పాటైన అంతర్జాతీయ కవుల సమావేశానికి కవిత రాయమని పాజ్‌ను ముందే అడిగారు. నిరాకరించాడు. కాల్పుల తరువాత ఆ నిర్వాహకులకే ఈ చిన్న కవితను పంపాడు. నిర్మలత్వాన్ని సూచించే మాటతో మొదలై, పురపాలక సిబ్బంది కూడలిలోని నెత్తురు కడుగుతున్న దృశ్యానికి చేరుతుందది. పరిశుభ్రతను చాటే అధికార భాష, అదే పరిశుభ్రత పేరుతో నెత్తురు కడగడం – ఒకే మాటకు రెండర్థాలు ఎలా పట్టాయో చూపడమే కవిత చేసిన పని. కవి అక్టోబరు 3ననే వైదొలిగాడు. ఉద్యోగి మరునాడు, ఉద్యోగి భాషలో, నిబంధనల పరిధిలో అనుసరించాడు. లేఖలో ఉన్నది పిరికితనమా అన్న ప్రశ్న కన్నా, ఒకే మనిషి ఒకరోజు తేడాతో రెండు భాషలు రాయవలసి వచ్చిన స్థితి పరిశీలనార్హం.

మన దూతశాస్త్రం ఈ స్థితిని ఎరుగును. కౌటిల్యుడు దూతలను నిసృష్టార్థుడు, పరిమితార్థుడు, శాసనహరుడు అని విభజించాడు. అమాత్యునికి ఉండవలసిన గుణాలన్నీ ఉన్నవాడు మొదటివాడు, పాతిక వంతు తక్కువైనవాడు రెండవవాడు, సగం తక్కువైనవాడు మూడవవాడు. తిక్కన ఉద్యోగపర్వం చదివినవారికి ఈ విభజన మనుషులై కనిపిస్తుంది: సంధికి పూర్తి అధికారంతో వెళ్ళిన కృష్ణుడు ఒక కొస, దుర్యోధనుని దూషణలను ఉన్నవున్నట్లు మోసుకొచ్చిన ఉలూకుడు మరొక కొస. మధ్యలో సంజయుడు. రాజ్యభాగం ఇస్తామన్న మాట చేతిలో లేకుండా, యుద్ధం వద్దన్న తీయని మాటలు మాత్రమే మోసుకొని పాండవుల వద్దకు వెళ్ళాడు. తిరిగివచ్చిన రాత్రే ధృతరాష్ట్రుని ముఖం మీద తప్పుపట్టాడు. రాయబార ఘట్టాలపై మన విమర్శ ఎక్కువగా కృష్ణుని వాక్పటిమను మెచ్చుకొంటూ సాగింది. సంజయుని ఇబ్బందికి దక్కిన పుటలు తక్కువ. బయట రాజు మాట, లోపల తన మాట: పాజ్ సెప్టెంబరు లేఖ సంజయుని రాత్రి వంటిది. అది ఫలించలేదు. ఆ తరువాత ఉలూకుడు కావడమో, లేచిపోవడమో తప్ప మూడో దారి మిగలలేదు.

ఇప్పుడు మళ్ళీ హనుమంతుని వద్దకు రావచ్చు. జయపురం సమీపంలోని గల్తా దారి, సింధూరం పూసిన కోతి విగ్రహాలు, శిథిలమైన కట్టడాలు – పాజ్ పుస్తకానికి పునాది ఒక నడక. నడుస్తున్నకొద్దీ దారి మాటల్లోకి, మాటలు దారిలోకి కరుగుతాయి. పాజ్ హనుమంతుడు లంకను చూస్తాడు, రావణుని తోటను ఒక గ్రంథంలా చదువుతాడు, చివరికి కవికే ప్రతీక అవుతాడు. కానీ అతని వద్ద ఉంగరం బరువు లేదు. ఎవరో పంపగా వచ్చినవాడు కాడు, ఎవరికో జవాబు చెప్పుకోవలసినవాడు కాడు.

ఇదే 1970లో పాజ్ ‘పోస్దాతా’ అన్న రాజకీయ వ్యాసాన్నీ ప్రచురించాడు. సమాజం చెడినప్పుడు ముందుగా కుళ్ళేది భాష కనుక సమాజ విమర్శ వ్యాకరణంతో, అర్థాలను తిరిగి నిలబెట్టడంతో మొదలుకావాలన్నది అందులోని ఒక ప్రధాన ప్రతిపాదన. గల్తా పుస్తకాన్ని కేవలం తాత్త్విక, శృంగార గద్యంగా చదివేవారు ఈ సామీప్యాన్ని పట్టించుకోలేదు. రెండూ ఒకే చేతి నుంచి, ఒకే ఏడాది, ఒకే గాయం తరువాత వచ్చినవి. పాజ్ ఎంచుకొన్న వ్యాకరణవేత్త పండితుడు కాడు, పదవి వదులుకొన్న దూత. తన మాటలకు తానే యజమాని కావాలనుకొన్నవాడు దూతృత్వాన్ని తుడిచివేసి వ్యాకరణాన్ని ఉంచుకొన్నాడు.

ఆ తుడిచివేతలో పాజ్ పోగొట్టుకొన్నదీ ఉంది. సుందరకాండలో శింశుపా వృక్షం మీద కూర్చున్న హనుమంతుడు సీతతో ఏ భాషలో మాట్లాడాలా అని తర్కించుకొంటాడు. ద్విజునిలా సంస్కృతం పలికితే తనను రావణుడే అనుకొని ఆమె భయపడుతుందని, మామూలు మనుషుల మాట వాడాలని నిశ్చయిస్తాడు. కిష్కింధలో రాముడు మెచ్చిన ఆ నిర్దుష్ట భాషే ఇక్కడ ప్రమాదం. వ్యాకరణజ్ఞానం తన పరిమితిని తాను గుర్తించిన ఘట్టమిది. దాన్ని గుర్తింపజేసింది దూత బాధ్యత, అంటే ఎదుట ఒక స్త్రీ భయంతో వింటున్నదన్న ఎరుక. భాషను గురించి ఇంత లోతుగా ఆలోచించిన పాజ్ పుస్తకంలో వినే సీత ఎక్కడా లేదు. అక్టోబరు 3 నాటి కవితలో మాత్రం ఈ ఘట్టపు వివేకం ఉంది: అధికార భాషలో మాట్లాడితే తనను కాల్చినవారి గొంతుగానే వింటారని తెలిసిన మనిషి రాసిన కవిత అది. ‘ది మంకీ గ్రామేరియన్’ శిల్పరీత్యా ఎంతో పెద్దదైనా, ఆ చిన్న కవితకున్న బలం దానికి లేకపోవడానికి కారణం ఇదేనని నా అభిప్రాయం.

పాజ్ దంపతులు ఆ నవంబరులో బొంబాయిలో ఓడ ఎక్కారు. ప్రయాణంలో రాసిన ‘రెండు తోటల కథ’ అన్న దీర్ఘకవితలో మెక్సికో ప్రభుత్వం లేదు, భారత ప్రభుత్వం లేదు. చిన్ననాటి మిస్కోవాక్ ఇంటి తోట ఒకటి, ఢిల్లీ ఇంటి తోట ఒకటి. ఆ రెండవ తోటలోని వేపచెట్టు కిందనే పాజ్ వివాహం చేసుకొన్నాడు. కవితలో ఆ చెట్టు తన ఉత్తరాది పేరుతోనే, అనువాదం కాకుండా, నిలిచి ఉంది.