తాళ్ళపాకవారి ఇల్లాలు

తాళ్ళపాక తిమ్మక్క రచించిన ‘సుభద్రాకల్యాణము’ను లఘుటీకతో పరిష్కరించి, ముద్రణకు పంపబోతూ నాలుగు మాటలు వ్రాసిపెట్టుమని మా శిష్యురాలు కోరినప్పుడు వయోభారాన్ని సాకుగా చెప్పబుద్ధి పుట్టలేదు. కావ్యం మీది గౌరవం ఒక కారణం. ఆ కావ్యం వెనుక తలవంచుకొని తన పని తాను చేసుకొనిపోయిన గృహిణి మీద నాకు చిరకాలంగా ఉన్న ఆదరం అంతకంటె పెద్ద కారణం.

1424 మొదలు 1503 వరకు శ్రీవేంకటేశ్వరునికి సంకీర్తనలు సమర్పించి, ముప్పది రెండు వేల కీర్తనల కర్తగా ప్రసిద్ధి కెక్కిన అన్నమాచార్యుల ధర్మపత్నులు ఇద్దరు: తిమ్మక్క, అక్కలమ్మ. తిమ్మక్క కన్న కొడుకు నరసింగన్న. అక్కలమ్మ కుమారుడు పెదతిరుమలాచార్యుడు తండ్రి వాఙ్మయాన్ని రాగిరేకుల కెక్కించిన పుణ్యమూర్తి. ఆయన కుమారుడు చిన్నన్న ద్విపదకు పెట్టింది పేరు. ఆ చిన్నన్న తాతగారి చరిత్రను ద్విపదలో చెప్పబట్టే, దానిని వేటూరి ప్రభాకరశాస్త్రిగారు 1949లో విపుల పీఠికతో వెలికి తేబట్టే, ఈ కుటుంబపు ముఖాలు మనకు కొంత కొంతగా కనబడుతున్నవి. (ఆ పీఠిక చదివినవాడు తాను పీఠిక వ్రాయడానికి కొంచెం జంకవలసినదే.) కవిత్వం పితృధనమై తండ్రినుండి కొడుక్కు, కొడుకునుండి మనుమడికి దక్కుతూ వచ్చిన ఆ ఇంట, భర్తకూ బిడ్డలకూ అతిథులకూ పరిచర్య చేస్తూనే తన వంతు తాను అడగకుండా పుచ్చుకొన్న ఇల్లాలు తిమ్మక్క. తెలుగున కావ్యం చెప్పిన తొలి స్త్రీగా సాహిత్యచరిత్ర ఆమెను స్మరిస్తున్నది. గంగాదేవి ‘మధురావిజయము’ అంతకు మునుపటిదే అయినా అది సంస్కృతరచన.

ఆమె ఎన్నుకొన్న కథను చూడండి. మహాభారతంలో వివాహాలకు కొదువ లేదు. స్వయంవరాలున్నవి, రాక్షసవివాహాలున్నవి, గాంధర్వాలున్నవి. వీటన్నిటినీ ప్రక్కకు పెట్టి ఆమె సుభద్ర పెళ్ళిని చేపట్టినది. వసుదేవుని చెల్లెలు కుంతి, కుంతి కొడుకు అర్జునుడు, వసుదేవుని కూతురు సుభద్ర: అంటే ఇది సాక్షాత్తు మేనరికం. కపటయతి వేషంతో ద్వారకకు వచ్చినవాడు తన మేనత్త కొడుకేనని తెలియక ఆ పిల్ల భక్తితో పరిచర్య చేయడం, అన్నగారు శ్రీకృష్ణుడు అంతా ఎరిగి ఏమీ ఎరుగనట్లు నడిపించడం తెలుగు ముంగిళ్ళలో బావామరదళ్ళ సరసం తెలిసిన స్త్రీకి పరాయి కథలుగా తోచవు. ఆమె చేతిలో పెళ్ళితంతు సైతం తెలుగింటి తంతుగానే సాగినది. ఇదే కథను తరువాత తంజావూరి రఘునాథనాయకుని కాలంలో చేమకూర వేంకటకవి ‘విజయవిలాసము’గా తీర్చి, శ్లేషచమత్కారాలతో రసజ్ఞుల తలలూపించినాడు. ఆయన ప్రజ్ఞకు నేను దాసుణ్ణి. అయినా వేంకటకవి మనలను పెళ్ళికి పిలిచి సభలో కూర్చుండబెడతాడు. తిమ్మక్క నేరుగా పెళ్ళివారి లోపలింటికి తీసుకొనిపోతుంది.

ఛందస్సు విషయంలోనూ ఆమె వివేకం గమనింపదగినది. మూడు ఇంద్రగణాలు, ఒక సూర్యగణం, యతి, పైగా ప్రాస, ఇవి ద్విపద పాదాల నియమాలు. పాల్కురికి సోమనాథుడూ గోన బుద్ధారెడ్డీ ఆ బాట వేసి ఉంచినారు. తిమ్మక్క ప్రాసను కూడ విడిచి మంజరీద్విపదను గైకొన్నది. ఇది శక్తిలోపమని శంకించే పండితులు ఉండవచ్చును, నేను ఒప్పుకోను. ప్రాసకోసం వెదకి తెచ్చిన మాట గొంతుకు అడ్డుపడుతుంది, చేతులు పనిలో ఉండగా నోటితో పాడుకొనేవారికి తేలికగా సాగే నడక కావలె. తన శ్రోతలు ఎవరో ఆ తల్లికి స్పష్టంగా తెలుసు. పాదం వెంట పాదం ఒరుసుకోకుండా జారిపోయే ఆ ధారను, ఒక్కసారి బిగ్గరగా చదివినవారు తామే గుర్తిస్తారు.

ఇక పరిష్కర్త్రి పని. యతిస్థానాలను సరిచూచి, పాఠభేదాలను అడుగున చూపి, వాడుకలో లేని తెలుగుమాటలకు అర్థాలు కూర్చి, బంధుత్వాల పట్టిక ఒకటి చేర్చినది. ఆ పట్టిక ఎంతో ఉపయుక్తం. టీక మాత్రం కొన్నిచోట్ల అవసరానికి మించి పెరిగినది. ఇల్లాలి మాటకు అంత వివరణ అక్కరలేదు, రెండవ ముద్రణలో కుదించుమని చెప్పినాను. సంసారాన్నీ ఉద్యోగాన్నీ మోసుకొంటూ, రాత్రిళ్ళు మేలుకొని ఈ శ్రమ సాగించిన విషయం నాకు తెలుసు గనుక ఆ మాట మెత్తగానే చెప్పినాను. చిరంజీవికి నా ఆశీస్సులు. ‘విజయవిలాసము’తో ఈ కావ్యాన్ని ఘట్టానికి ఘట్టం పోల్చి ఒక గ్రంథం వ్రాయుమని కూడ కోరుతున్నాను.