బూట్ల కోసం, దేవుడి కోసం

1521 మే నెలలో ఫ్రెంచి సేనలు స్పెయిన్‌లోని పాంప్లోనా కోటను ముట్టడించాయి. ఆ పోరులో ఫిరంగి గుండు తగిలి ఇగ్నేషియస్ లొయోలా కాలు విరిగింది. ఎముక సరిగ్గా అతుక్కోక మోకాలి కింద బొడిపెలా పొడుచుకొచ్చింది. దాన్ని కోసెయ్యమని వైద్యుల్ని ఆయనే అడిగాడు. మత్తుమందు లేని కాలం. అంతకుముందు పడ్డ నొప్పులన్నిటికంటే ఇది ఎక్కువని వాళ్లు హెచ్చరించినా వినలేదు, రంపం పెట్టించుకున్నాడు. ఆ బొడిపె ఉంటే దర్బారు యువకులు తొడిగే బిగుతు బూట్లు కాలికి పట్టవు మరి!

విజయవాడ ఆంధ్ర లయోలా కాలేజీ వల్ల మనకు పరిచయమైన పేరే ఇది. యేసు సభను స్థాపించిన పునీతుడిగా ఆయన్ని తలుచుకుంటాం. ఆ బూట్ల సంగతి మాత్రం ఎవరూ పెద్దగా చెప్పరు. నా మటుకు అక్కడి నుంచే మొదలుపెట్టాలనిపిస్తుంది. సేవలో ఎవరైనా కష్టపడితే, ఇంత ఓర్చుకున్నాడంటే దేవుడి కోసమే అయ్యుంటుందని మనం ఇట్టే నమ్మేస్తాం. సోకు కోసం కూడా మనిషి అంత బాధా ఓర్చుకోగలడని ఇగ్నేషియస్‌కు తన ఒంటి మీదే తెలిసొచ్చింది.

మంచం మీద ఉండగా వీరగాథలు అడిగితే ఇంట్లో దొరకలేదు. క్రీస్తు చరిత్ర, పునీతుల చరిత్రలు తెచ్చి ఇచ్చారు. వాటి మధ్య ఒక గొప్పింటి స్త్రీ మెప్పు కోసం చేయబోయే సాహసాల గురించి గంటల తరబడి కలలు కనేవాడు. ఆ కలలు ఎంత తీయగా ఉన్నా, అయిపోయాక మనసు ఎండిపోయేది. పునీతుల్లా బతకాలన్న ఆలోచనలు పోయాక కూడా సంతోషం మిగిలేది. ఊహ ఎలా మొదలైందని కాక, వెళ్లిపోయాక ఏం మిగిల్చిందని చూడాలని అప్పుడు గ్రహించాడు. ఆయన పద్ధతికంతా ఇదే పునాది.

అయితే ఆ మంచి ఆలోచనల్లోనూ పాత సిపాయి దాగే ఉన్నాడు. పునీత ఫ్రాన్సిస్ ఇది చేశాడా, నేనూ చేస్తాను. పునీత దొమినిక్ అది చేశాడా, నేనూ చేస్తాను. మన్‌రేసాలో 1522లో ఆ పంతంతోనే ఉపవాసాలు చేశాడు, జుట్టూ గోళ్లూ పెరగనిచ్చాడు, చివరికి పాపభీతి ముదిరి చావాలనిపించేదాకా వెళ్లాడు. ఆ అనుభవంలోంచే ‘ఆధ్యాత్మిక సాధనలు’ అన్న చిన్న పుస్తకం పుట్టింది. 1548లో పోపు మూడవ పౌలు దానికి ఆమోదం తెలిపాడు.

అందులోని ఆత్మ పరిశోధనకు ఐదు మెట్లు. మొదట ఆ రోజు అందిన మేళ్లకు కృతజ్ఞత. తర్వాత, తన తప్పు తనకు కనబడేలా వెలుగు ఇమ్మని అడగడం. ఆపైన నిద్ర లేచిన దగ్గర్నుంచి గంట గంటకూ మనసులో మెదిలినదాన్ని, అన్న మాటను, చేసిన పనిని వరుసగా తిరగేయడం. ఆఖరున క్షమాపణ, దిద్దుకుంటానన్న నిర్ణయం. కృతజ్ఞత ముందు రావడంలోనే దీని విలువంతా ఉంది. తప్పులతో మొదలుపెడితే మనిషి తన చుట్టూ తనే తిరుగుతాడు, అదీ ఒక రకం అహంకారమే.

ఒకే బలహీనతను పట్టి చూసే పద్ధతి వేరే ఉంది. వారం రోజులకు రోజుకు రెండేసి గీతలు గీసుకుని, ఎన్నిసార్లు జారితే గీత మీద అన్ని చుక్కలు పెట్టాలి. మధ్యాహ్నం భోజనమయ్యాక ఒకసారి, రాత్రి మరోసారి. జారిన క్షణంలోనే గుండె మీద చెయ్యి వేసుకోవాలి. నలుగురిలో ఉన్నా ఎవరికీ తెలియకుండా చేయొచ్చంటాడు.

పల్లెలో పనిచేసే ఉపదేశిని తీసుకోండి. పండుగ పూజ అయ్యాక కృతజ్ఞతలు చెబుతూ పేర్లు చదువుతున్నారు. మూడు రోజులు పందిరి పనంతా చూసిన ఆయన పేరు రాలేదు. లోపల చురుక్కుమంటుంది. ఆ రాత్రి పరిశోధనలో ఆ చురుకే ముఖ్యం. ఎవరి కోసం పనిచేశానో అది చెప్పినంత సూటిగా ఇంకేదీ చెప్పదు.

మరి ఉద్దేశంలో మలినం కనబడితే సేవ మానేయాలా? వద్దంటాడు ఇగ్నేషియస్. ఇక్కడ పునీత బెర్నార్డును తలుచుకుంటాడు. కీర్తి కోసం మొదలుపెట్టని పనిని కీర్తికి భయపడి ఆపేది లేదని, పేరు కోసమే చేస్తున్నావన్న శోధనకు ఆయన జవాబిచ్చాడట. ఉద్దేశం పూర్తిగా శుద్ధమయ్యాకే కదులుదామంటే ఏ రోగికీ గుక్కెడు నీళ్లు అందవు.

1527లో సలమాంకాలో, చదువు లేకుండా బోధిస్తున్నాడన్న అనుమానంతో ఆయన్ని ఒక సహచరుడితో కలిపి గొలుసుతో కట్టి ఇరవై రెండు రోజులు చెరలో ఉంచారు. చూడవచ్చినవాళ్లు జాలిపడితే, ఈ ఊళ్లో ఉన్న సంకెళ్లన్నీ వేసినా దేవుడి కోసం ఇంకా కావాలనే కోరతానన్నాడు. ఒక రాత్రి మిగతా ఖైదీలంతా పారిపోయినా, అక్కడే చెరలో ఉన్న ఆయన సహచరులు కదల్లేదు. ఆరేళ్ల కిందట రంపానికి ఒప్పుకున్న మనిషే ఈయన. ఓర్పు అప్పుడూ ఉంది. ఈ సంతోషం మాత్రం అప్పుడు లేదు.

అయినా నన్ను ఎక్కువగా కదిలించేది ఆ సంకెళ్లు కాదు. అంతకుముందు బార్సెలోనాలో లాటిన్ వ్యాకరణం బట్టీ పట్టబోతే, ప్రార్థనలో కూడా రానంత గొప్ప భక్తి భావాలు ముంచెత్తేవి. చదువు తప్పించడానికి వస్తున్న మోసమిదని పసిగట్టి, రెండేళ్లు పాఠం మానేది లేదని గురువుకు మాటిచ్చాడు. సలమాంకా నుంచి బయటపడ్డాక, 1528లో పారిస్ చేరి, పునాది సరిగ్గా పడలేదని చిన్నపిల్లల మధ్య కూర్చుని ఆ లాటిన్‌నే మళ్లీ చదివాడు. చెరలో ఉన్నవాణ్ణి చూసి ఆశ్చర్యపోవడానికి జనం వచ్చారు. ఆ తరగతి గదికి ఎవరూ రాలేదు.