గ్రహాంతరజీవి శబ్దవిమర్శనము

హైదరాబాదులోని టాటా మౌలిక పరిశోధన సంస్థవారి బెలూను కేంద్రమునుండి 2005 ఏప్రిలు నెలలో నొక మహాబెలూను మీఁదికెగసినది. దానిక్రింద వ్రేలాడిన పరికరముల బరువు 459 కిలోగ్రాములు; ఆ పరికరములు మునిఁగియుండిన ద్రవరూప నియాన్ 38 కిలోగ్రాములు. ముందుగా శుద్ధిచేసి గాలి తీసివేసిన యుక్కునాళములు, నేలనుండి పంపిన యాజ్ఞచేఁ దెఱచుకొని, 20 మొదలు 41 కిలోమీటర్లవఱకుఁ గల యెత్తులలోని గాలిని లోనికిఁ బీల్చి గడ్డకట్టించి తెచ్చినవి. ఆ ద్రవ్యమును హైదరాబాదు సీసీఎంబీవారును పూనా జాతీయ కణవిజ్ఞాన కేంద్రమువారును పరీక్షించి, 12 బాక్టీరియా సమూహములను 6 శిలీంధ్ర సమూహములను బెంచిరి. అందు మూఁడు బాక్టీరియములు అంతకుమున్నెవ్వరును వర్ణింపని జాతులని తేలినది.

ఎత్తు ననుభవమునకుఁ దెచ్చుకొనుట మేలు. 2008 మార్చిలోఁ దెఱవఁబడిన శంషాబాదు విమానాశ్రయమునుండి యెగయు పెద్ద విమానములు పది పండ్రెండు కిలోమీటర్ల యెత్తున సంచరించును. బెలూను ముట్టినది దానికి మూఁడింతలకు మించినది. ఐనను శూన్యాకాశమునకుఁ దొలిగీఁటుగాఁ బలువురంగీకరించు 100 కిలోమీటర్లలో సగమునైనను అది చేరలేదు.

ఈ జీవులను గూర్చి తెలుఁగున వ్రాయునపుడు 'గ్రహాంతరజీవి' యను మాట యలవోకగా వచ్చిపడుచున్నది. 2009 మార్చిలో ఇస్రోవారు వెలువరించిన ప్రకటనలో నట్టి సిద్ధాంతము లేదు. ఆ జీవులు భూమికి వెలుపలివని యీ పరిశోధన నిశ్చయముగా స్థాపింపలేదని వారే చెప్పియున్నారు. పరిశోధకులు విడిచినదానిని భాష పట్టుకొన్నది. కావున నీ విషయమున వైయాకరణునకుఁ గొంత పని కలదు.

గ్రహ్ ధాతువునకు గ్రాహము, గ్రహము అని రెండు రూపములు. పాణిని వికల్పము విధింపఁగాఁ గాశికాకారులు దానికి వ్యవస్థ చెప్పిరి: నీటఁ జరించు మొసలి గ్రాహమే, ఆకసమునఁ జరించు జ్యోతిస్సు గ్రహమే. తొమ్మిదింటి పట్టికలో సూర్యచంద్రులు గలరు, రాహుకేతువులు గలరు, భూమి లేదు. (శంస్ శబ్దము అరబ్బీలో సూర్యవాచకము; పాత లెక్కచొప్పున శంషాబాదును గ్రహనామాంకితమే.) అంతరశబ్దము సమాసాంతమున నన్యార్థము నిచ్చునపుడు సజాతీయమైన మఱియొకదానినే చెప్పును. దేశాంతరమన్న మనదియు దేశమే, భాషాంతరమన్న మనదియు భాషయే. గ్రహాంతరమన్నచో భూమియు గ్రహమని ముందే యొప్పుకొన్నట్లు. ఇది దోషము కాదు. శాస్త్రము ననుసరించి శబ్దము పెరిగినది.

చిక్కు విగ్రహవాక్యమున నున్నది. గ్రహాంతరమునందలి జీవియా? గ్రహాంతరమునుండి వచ్చిన జీవియా? సమాసమున విభక్తి లోపించును; అది యేదియో చదువరి యూహింపవలయును. ఇచ్చట నూహ తెలియకయే పంచమివైపు జాఱుచున్నది. అపాదానమనఁగా వేఱుపాటు గలిగినపుడు నిలుకడగా నున్న యవధి. చెట్టునుండి యాకు రాలెననుటకుఁ జెట్టొకటి తెలియవలయును గదా! అధికరణమో, దొరకిన చోటు మాత్రమే. 20-41 కిలోమీటర్ల నడుమ జీవి కలదనుటకు సాక్ష్యము నాళములో నున్నది. పైనుండి వచ్చినదనుటకు లేదు. క్రిందినుండి పోయినను బైనుండి దిగినను ఆ జీవి యచ్చటనే దొరకును. బెలూను తెచ్చినది సప్తమి. మనము చదువుకొన్నది పంచమి.

ఈ ప్రయోగమునకు నాయకులు జయంత నార్లీకరుగారు. వారి గురువగు ఫ్రెడ్ హాయిలును, చంద్ర విక్రమసింఘేయు జీవబీజములు ఆకసమునుండియే భూమికి దిగినవని వాదించిన వారు. వారి పక్షమును దులపరించివేయుట న్యాయము కాదు. దొరకిన 12 బాక్టీరియా సమూహములలోఁ దొమ్మిదింటికి భూమిమీఁది జాతులతో నూటికిఁ 98 వంతులకు మించిన జన్యుసామ్యము కనఁబడినది. కావున నవి భూమివే యందురు కొందఱు. భూమిమీఁది జీవులే యాకసమునుండి వచ్చినవగుటచే సామ్యము సహజమే యందురు వారు. హేతువు రెండు పక్షములందును నిలుచుచున్నది. తార్కికులు దీనినే యనైకాంతికమందురు. అతినీలలోహిత కిరణములను ఆ మూఁడు జాతులు తమ దగ్గఱి చుట్టములకంటె నెక్కువ యోర్చుకొనుననుటయు నట్టిదే.

ఇఁక నామకరణము. ఒకదానికి హాయిలు పేర జానిబాక్టర్ హాయిలీ యనియు, ఒకదానికి ఇస్రో పేర బాసిల్లస్ ఇస్రోనెన్సిస్ అనియు, మూఁడవదానికి బాసిల్లస్ ఆర్యభట్టై యనియుఁ బేర్లిడిరి. చివరిది సహింపరానిది. జ్యోతిషుని పేరు ఆర్యభటుఁడు. భటశబ్దము యోధవాచకము, భట్టశబ్దము పండితబిరుదు. ఆర్యభటీయముననే ఛందస్సు భటశబ్దమును గోరును. ద్విత్వమిడిన మాత్ర హెచ్చి గణము చెడును. 1975లో నెగసిన తొలి యుపగ్రహమునకు సరియైన పేరే యుండఁగా, ఈ సూక్ష్మజీవి కొక టకార మెక్కువ వచ్చినది. తరువాతి వర్గీకరణమున నిది 2020లో ప్రీస్టియా ప్రజాతిలోనికిఁ బోయినది. టకారము మాత్రము వెంటనే పోయినది, విడువలేదు. ఇస్రో పేరు మోసినదియు సోలిబాసిల్లస్ అను ప్రజాతిలోఁ జేరినది. లాటినున సోలుమ్ అనఁగా మన్ను!

వీనికంటె 2006లో హైదరాబాదు పరిశోధకులే యెత్తైన గాలినుండి తీసి వర్ణించిన జాతుల పేళ్లు మేలు. స్ట్రాటోస్ఫెరికస్ అని యొకటి, ఎత్తునకు సంబంధించినదను నర్థమున ఆల్టిట్యూడినిస్ అని యొకటి. అవి చోటును జెప్పినవి, పుట్టుకను జెప్పలేదు. మొదటిది 2012లో ఇంగ్లండులోని వేర్ నదీముఖమునను గనఁబడినది. ఐనను పేరు బొంకలేదు.

2022 డిసెంబరులో వికారాబాదు జిల్లా మొగిలిగుండ్ల పొలములో నొక వింత పెట్టె దిగఁగా జనులు గుమిగూడిరి. గ్రహాంతరవాసుల వాహనమేమో యని శంక పుట్టినది. అది హైదరాబాదు కేంద్రమునుండి యెగిరిన బెలూనునకుఁ గట్టిన, హేలో స్పేసను స్పెయిను సంస్థవారి పరీక్షాపేటిక. 'ఏమో' యను నవ్యయమును జేర్చిన యా శంక, ఏమియుఁ జేర్చని మన వ్రాఁతలకంటె శుద్ధమైన తెలుఁగు.

ఈ జీవులకు ఊర్ధ్వవాయుగతజీవి యను పేరు పొసఁగును. గతశబ్దముతో ద్వితీయాతత్పురుషము పాణినీయసమ్మతము. అచ్చటికిఁ జేరినదని చెప్పును. ఎచ్చటినుండి యని చెప్పదు. ఆ సంగతి మఱియొక బెలూను తెచ్చినపుడు మఱియొక సమాసము కట్టుకొనవచ్చును.