ఇంటివాళ్లు లేని దీవులు

పబ్‌జీలోని ఎరాంగెల్ మ్యాప్‌ని ఒక కథలాగా కూడా చదవొచ్చు. ఎనిమిది కిలోమీటర్ల పొడవు, అంతే వెడల్పు ఉన్న చదరంలో ఒక దీవి. విమానంలోంచి వందమంది దూకుతారు. పొచింకీలో దిగితే వరసగా ఇళ్లు, ఒక చర్చి, చుట్టూ పొలాలు. తలుపు తీసి లోపలికి పోతే తుపాకీ ఉంటుంది, హెల్మెట్ ఉంటుంది, ఇంటివాళ్లుండరు. వాళ్లంతా ఎటు పోయారని ఎవరూ అడగరు. అడిగే తీరిక ఉండదు కూడా, వెనక నుంచి జోన్ తరుముకొస్తుంటుంది.

మా నార్కట్‌పల్లికి నది లేదు. హైదరాబాద్-విజయవాడ హైవే నుంచి అద్దంకి రోడ్డు చీలే చోటు మాది. ఇక్కడి పోరగాళ్లకి పొచింకీలో సందుసందూ తెలుసు. మా జిల్లాకి ఆనుకుని, సాగర్ నీళ్లలో, ఆంధ్ర వైపున్న నాగార్జునకొండ గురించి అడిగితే మాత్రం లాంచీ ఎక్కిన సంగతే చెప్తారు.

నాగార్జునకొండ పుట్టుకతో దీవి కాదు, డ్యామ్ చేసిన దీవి. లోయ మునుగుతుందని తేలాక 1954 నుంచి 1960 దాకా పెద్ద ఎత్తున తవ్వకాలు జరిగాయి. ఇక్ష్వాకుల రాజధాని విజయపురి శిథిలాల్లో కొన్నిటిని పైకి తరలించి కొండ మీద మళ్లీ పేర్చారు. గొప్ప పనే, కాదనను. అక్కడి మ్యూజియంలో మునిగిన లోయ నమూనా ఒకటుంది. దాన్ని పైనుంచి వంగి చూస్తుంటే నాకు పబ్‌జీ విమానమే గుర్తొచ్చింది. అంత ఎత్తు నుంచి చూస్తే ఊరు చక్కగా కనపడుతుంది, మనుషులు కనపడరు. మూడో శతాబ్దపు రాయికి కొండ మీద చోటు దొరికింది. ఇరవయ్యో శతాబ్దంలో ఆ లోయలో దున్నుకు బతికినవాళ్ల కథ మాత్రం చూసొచ్చినవాళ్ల మాటల్లో ఎక్కడా వినపడదు.

అయితే ఆట మీద పూర్తిగా కోపం తెచ్చుకోలేను. 2020 లాక్‌డౌన్‌లో ఆ ఖాళీ దీవిలోనే మేం నలుగురం రోజూ కలిసేవాళ్లం. కాల్పుల కంటే కబుర్లే ఎక్కువ. ఎవరింట్లో ఏం వండారు, ఎవరి జీతం ఆగింది, అన్నీ అక్కడే తెలిసేవి. ఎరాంగెల్‌కి లేని ఊరిని ఆడేవాళ్లు తెచ్చుకున్నారు. సెప్టెంబర్ 2న నిషేధం వచ్చింది, అక్టోబర్ 30న సర్వర్లు ఆగిపోయాయి. 2021 జూలైలో బీజీఎంఐ వచ్చినప్పుడు పాత ఖాతాలోని సామాన్లని కొత్తదానికి మార్చుకునే వీలిచ్చారు. నా తుపాకుల రంగులు భద్రంగా వచ్చాయి. నలుగురిలో ఇద్దరు రాలేదు.

దీన్ని ముంపుతో పోలిస్తే అన్యాయమే, పొలం పోవడం వేరు, ఆట పోవడం వేరు. కానీ లెక్క కట్టే పద్ధతి ఒకలాగే ఉందని నా అభిప్రాయం. ఎకరాలు లెక్కలోకొస్తాయి, ఇల్లు వస్తుంది, చెట్టు వస్తుంది. పక్కింటామె పిలిస్తే పలకడం ఏ కాలమ్‌లో రాస్తారు?

ఎరాంగెల్‌కి దక్షిణాన సైనిక స్థావరం ఉన్న దీవి ఇంకోటుంది. దానికి రెండు వంతెనలు. ఆటలో వంతెనంటే మాటు వేసి కాల్చే చోటు. గద్వాల దగ్గర కృష్ణ మధ్యలో గుర్రంగడ్డ అనే ఊరుంది, అక్కడ జనం కాపురముంటున్నారు. ఆ ఊరు ఏళ్ల తరబడి వంతెన కోసం ఎదురుచూసింది. వరదొస్తే పడవ ఆగుతుంది, ఆ రోజే ఎవరికో నొప్పులు రావొచ్చు. వంతెన అనే మాటకి ఆ ఊళ్లో ఉన్న బరువు ఏ మ్యాప్‌లోనూ లేదు.

మన తెలుగులో దీవి గురించి రాసేవాళ్లు ఎక్కువగా ఒంటరితనం గురించే రాస్తారు, నాకది తేలికైన దారి అనిపిస్తుంది. ఆట డిజైనర్లకీ అదే తేలిక, ఖాళీ ఇంట్లో ఎవరికీ జవాబు చెప్పక్కర్లేదు. గుర్రంగడ్డలాంటి చోట మొదలయ్యే నవల ఒకటి కావాలి నాకు. అందులో మొదటి అధ్యాయం నీళ్ల మీద కాకుండా, పడవ నడిపేవాడికి ఇవాళ జ్వరమొస్తే ఊరంతా ఏం చేస్తుందన్న దాని మీద ఉండాలి.