పటం మీద మతానికి ఒకే రంగు

అమీర్‌పేటలో నా దగ్గర గేమ్ డిజైన్ నేర్చుకునే పిల్లల్లో చాలామందికి కోటలు, గుర్రాలు, ముట్టడులు ఉన్న ఆట చేయాలని ఉంటుంది. రాజ్యానికి కాకతీయ అని పేరు పెడతారు, ఓరుగల్లు తోరణం ముచ్చటగా గీస్తారు. ఆ తర్వాత గుడి కడతారు. గుడిలోంచి ఒక పూజారి బయటికొచ్చి దూరం నుంచే చెయ్యి ఊపుతాడు. ఎదుటి సైనికుడి బట్టల రంగు మారిపోయి అతను మన సైన్యంలో చేరిపోతాడు. గణపతిదేవుడి రాజ్యంలో ఏ పూజారీ చేసిన పని కాదది.

ఆ పూజారి ఎక్కడివాడో నాకు బాగా తెలుసు. 1999లో వచ్చిన ‘ఏజ్ ఆఫ్ ఎంపైర్స్ 2’లో మాంక్ అతను. మైత్రీవనం చుట్టుపక్కల సందుల్లో పగలు జావా నేర్చుకుని, రాత్రి నెట్ సెంటర్లలో ఆ ఆట ఆడిన తరం మాది. వంద బంగారం పెడితే ఒక మాంక్ వస్తాడు. మెల్లగా నడుస్తాడు, నాలుగు దెబ్బలకే పోతాడు, అయినా అదృష్టం బాగుంటే ఎదుటివాడి ఏనుగునే మనవైపు తిప్పేస్తాడు. మ్యాప్ మీద అక్కడక్కడా పడి ఉండే పవిత్ర అవశేషాన్ని మోసుకొచ్చి మఠంలో పెడితే, ఇక ఊరికే బంగారం వస్తూ ఉంటుంది. ఈ రెండో నియమం నాకు చాలా ఇష్టం. మధ్యయుగపు ఐరోపాలో ఒక సాధువు ఎముక ఉన్న చర్చికి యాత్రికులు వచ్చేవారు, వాళ్ల వెంట డబ్బు వచ్చేది. ఆ డిజైనర్లు తమకు తెలిసిన చరిత్రలోంచే నియమం తీశారు. మన పిల్లలు ఆ నియమాన్ని తెచ్చుకుంటున్నారు గానీ, మన చరిత్రలోంచి నియమం తీసే పని నేర్చుకోవడం లేదు. నేను క్లాసులో గొంతు చించుకునేది దీని గురించే.

పెద్ద ఆటలు ఈ విషయంలో తలో దారి పట్టాయి. ‘సివిలైజేషన్ 4’ 2005లో ఏడు మతాలను పెట్టి, ఏడింటికీ ఒకే గుణం, ఒకే ఫలితం ఇచ్చింది. ఎవరి మనసూ నొప్పించకుండా ఉండే దారి అది. ఆ జాగ్రత్తను నేను గౌరవిస్తాను. కానీ అన్నీ ఒకటే అయినప్పుడు ఆటగాడికి మిగిలేది గుర్తు మాత్రమే. 2006 నాటి ‘మెడీవల్ 2: టోటల్ వార్’ ఇంకొంచెం లోతుకు వెళ్లింది. అందులో పోప్ ఉంటాడు, మన చేతిలో ఉండడు. తోటి క్యాథలిక్ రాజు మీదికి పదేపదే వెళితే మనల్ని వెలివేస్తాడు. రాజు కన్నా పైన, రాజు చెప్పినట్టు వినని ఒక శక్తిగా మతాన్ని చూపించిన ఆట అది. ఇక 2020లో వచ్చిన ‘క్రూసేడర్ కింగ్స్ 3’ మన దేశం దాకా వచ్చింది. శైవం, వైష్ణవం, శాక్తేయం విడివిడిగా కనిపిస్తాయి. అంత శ్రద్ధ పెట్టిన ఆటలోనూ ఒక్కో జిల్లాకు ఒక్కటే మతం. మత పటం తెరిస్తే ఒక ముక్కకు ఒక రంగు.

ఈ ఒక్క రంగు దగ్గరే నాకు ఊపిరాడదు. గురువారం సాయంత్రం పంజగుట్ట ద్వారకాపురి కాలనీలో సాయిబాబా గుడి ముందు వరసలో నిలబడి చూడండి. మసీదులో బతికి, అల్లా మాలిక్ అంటూ తిరిగిన ఫకీరుకు అక్కడ హారతి ఇస్తున్నారు. తెలంగాణ పల్లెల్లో మొహర్రం నాడు అలాయి గుండం చుట్టూ తిరిగేవాళ్లలో, పీర్లకు మొక్కుకునేవాళ్లలో సగానికి సగం ఆషాఢంలో బోనం ఎత్తినవాళ్లే ఉంటారు. హనుమకొండ పద్మాక్షి గుట్ట మీద 1117 నాటి శాసనం ఉంది. మైలమ అనే ఆవిడ అక్కడ జైన బసది కట్టించిందని అందులో ఉంది. ఇవాళ పద్మాక్షమ్మకు పూజలు జరుగుతున్నాయి, గుట్ట కింద ఆడవాళ్లు బతుకమ్మ ఆడుతున్నారు. జైన విగ్రహాలు మాత్రం ఆ రాతి మీదే ఉన్నాయి. ఈ గుట్టకు ఏ రంగు వేయమంటారు? శాతాల్లో లెక్క చూపించే ఆటలూ ఉన్నాయి. వాటిలోనూ మనిషి ఏదో ఒక గడిలోనే పడాలి.

మరి మన నియమం ఏమిటి? నేను పిల్లలకు మల్కాపురం శాసనం చదివిస్తాను. 1261 నాటిది. రుద్రమదేవి కాలంలో మందడం, వెలగపూడి గ్రామాలను విశ్వేశ్వర శంభు అనే శైవాచార్యుడికి ఇచ్చిన దానపత్రం అది. ఆ రెండు ఊళ్లూ ఇప్పుడు అమరావతి రాజధాని ప్రాంతంలో ఉన్నాయి. విశ్వేశ్వరుడు గౌడదేశం నుంచి వచ్చినవాడు, గోళకీ మఠానికి పెద్ద, గణపతిదేవుడికి గురువు. శాసనంలో గుడి ఉంది, మఠం ఉంది, వేదం చెప్పేవాళ్లున్నారు. వాటితోపాటు ఆరోగ్యశాల ఉంది, ప్రసూతిశాల ఉంది, ఎవరొచ్చినా అన్నం పెట్టే సత్రం ఉంది, వైద్యుడూ లెక్కలు రాసే కరణమూ ఉన్నారు, ఊరికి వీరభద్రులనే కావలివాళ్లున్నారు. ఎవరికెంత భూమి అన్నది కూడా రాశారు. మొదటిసారి చదివినప్పుడు నాకు ఒక గేమ్ డిజైన్ డాక్యుమెంట్ చదివినట్టే అనిపించింది. ఒక్కరి మతమూ మార్చకుండా రాజు అక్కడ ఏం కొన్నాడో చూడండి: వైద్యం, చదువు, కాపలా, ఊరి విశ్వాసం.

గుడి వెంట చెరువు కూడా ఉండాలి. రేచర్ల రుద్రుడు 1213లో పాలంపేటలో కట్టించిన రామప్ప గుడి పక్కనే రామప్ప చెరువు ఉంది. కాబట్టి మా నమూనా ఆటలో చెరువు లేని చోట గుడి కడితే కొన్ని టర్నులకే నైవేద్యానికి బియ్యం కరువవుతుంది, అర్చకులు వేరే ఊరు చూసుకుంటారు. ఈ నియమం పెట్టిన రోజున మన ఆటకు మన నేల వాసన వచ్చిందని నాకు అనిపించింది.

పల్నాటి యుద్ధం ఇంకా క్లిష్టం. బ్రహ్మనాయుడిది వైష్ణవం, నాగమ్మది శైవం కాబట్టి దాన్ని మతయుద్ధంగా చేసేయాలని పిల్లలకు తొందర. గొడవ అసలు గురజాల, మాచర్ల మధ్య అధికారం కోసం. మతం పనిచేసింది చాపకూడు దగ్గర. అన్ని కులాలవాళ్లనూ ఒకే చాప మీద కూర్చోబెట్టి అన్నం పెట్టిన నాయకుడి పక్కన మాల కన్నమదాసు సేనానిగా నిలబడ్డాడు. మా ఆటలో చాపకూడు పెడితే సామాన్య సైనికుల విశ్వాసం అమాంతం పెరుగుతుంది, పెద్ద కులాల దొరల్లో కొందరు మొహం చాటేస్తారు. ఎంతమందిని పోగొట్టుకోవడానికి సిద్ధంగా ఉన్నామన్నది ఆటగాడు తేల్చుకోవాలి.

తగవు తీర్చడం కూడా ఒక ఎత్తే. 1368లో జైనులకూ శ్రీవైష్ణవులకూ తగాదా వస్తే విజయనగరం బుక్కరాయలు ఇద్దరి చేతులూ కలిపించాడు. శ్రవణబెళగొళ శాసనం ప్రకారం జైనులు ఇంటికి ఏటా ఒక హణం ఇవ్వాలి, ఆ సొమ్ముతో తిరుమల తాతయ్య శ్రవణబెళగొళ దేవుడికి ఇరవై మంది కావలివాళ్లను పెట్టాలి, మిగిలినదాంతో బసదులకు సున్నం వేయించాలి. జైన దేవుడి కాపలా వైష్ణవుడి బాధ్యత అన్నమాట! ఇంత తెలివైన సంధి నియమాన్ని నేను ఏ ఆటలోనూ చూడలేదు.

ఇప్పుడు మేం కుస్తీ పడుతున్నది వారసత్వం దగ్గర. దాన శాసనాల చివర, ఇచ్చిన భూమిని లాక్కున్నవాడు అరవై వేల ఏళ్లు మలంలో పురుగై పుడతాడని శాపం ఉంటుంది. తన తర్వాతి రాజుకు ఆశ పుడుతుందని దాతకు తెలుసు కాబట్టే అది రాయించాడు. ఆటలో రాజు చనిపోగానే కొత్త రాజుకు మేం ఆ అవకాశం ఇస్తున్నాం: భూమి వెనక్కి తీసుకో, ఖజానా నిండుతుంది. తీసుకున్నాక సత్రం మూతపడుతుంది, వైద్యుడు వెళ్లిపోతాడు, పక్క ఊళ్లలో ఎవరూ రాజు ఇచ్చిన మాట మీద చెరువు తవ్వడానికి ముందుకు రారు. శాసనం చెక్కిన రాయిని మ్యాప్ మీంచి తీసేసే బటన్ ఆటగాడికి ఇవ్వకూడదని తేల్చుకున్నాం. శాపం ఎన్ని టర్నులు పట్టి ఉండాలన్నది వచ్చే వారం బ్యాచ్‌తో ఆడి చూడాలి.