దీపం తోమింది వాళ్లమ్మ

కథలోకి భూతాన్ని తీసుకురావడం ఏమంత కష్టం కాదు. కాస్త పొగ, కాస్త బొంగురు గొంతు, ముందు వరసలో కూర్చున్న పిల్లలు ఓ జానెడు వెనక్కి జరగడం. అంతే. కష్టమంతా దానికి ముందే ఉంది. భూతం బయటికొచ్చే వేళకు ఆ ఇంట్లో ఎవరున్నారు, పొయ్యి వెలిగి ఎన్నాళ్లయింది, ఆ కుర్రాణ్ణి గురించి వీధిలోవాళ్లు ఏమనుకుంటున్నారు, ఇవన్నీ వినేవాళ్లకు తెలిసుండాలి. లేకపోతే ఎంత పెద్ద భూతం వచ్చినా పిల్లలు ఆవులిస్తారు.

ఆదివారాలు మా పేట గ్రంథాలయంలో పిల్లలకు కథలు చెబుతుంటాను. ఏ కథ కావాలంటే ఎక్కువమంది అడిగేది అల్లావుద్దీన్. అందరికీ తెలిసిన కథే. సినిమా చూసేశారు. భూతం నీలంగా ఉంటుందనీ, పాటలు పాడుతుందనీ, మూడు కోరికలే తీరుస్తుందనీ నాకే చెబుతారు. పాత కథలో ఆ మూడు లెక్క లేదర్రా, దీపం ఎవరి చేతిలో ఉంటే వాళ్లు ఎన్నిసార్లయినా అడగొచ్చు అంటే నమ్మరు. ఒక కుర్రాడు మాత్రం ఆలోచించి, "ఎన్నయినా అడగొచ్చంటే ఇంక కథేముంది సార్?" అన్నాడు. కథలు రాసేవాళ్లూ చెప్పేవాళ్లూ రోజూ వేసుకోవలసిన ప్రశ్న అది. జవాబు ఆ పాత కథలోనే ఉంది.

ఫ్రెంచిలో తొలిసారి అచ్చయిన కథ ప్రకారం అల్లావుద్దీన్ చైనాలో ముస్తఫా అనే పేద దర్జీ కొడుకు. (చైనా అన్నది పేరుకే. ఆ సుల్తానూ, ఆ వజీరూ, ఆ హమామూ చూస్తే అచ్చమైన అరబ్బు నగరమే.) తండ్రి సూది చేతికిస్తే పారిపోతాడు. కొట్టినా తిట్టినా వీధి పిల్లల వెంటే. ఆ దిగులుతో తండ్రి మంచం పట్టి పోతాడు. తల్లి దుకాణం సామాను అమ్మేసి, నూలు వడికి ఇల్లు నెట్టుకొస్తుంటుంది. పదిహేనేళ్లొచ్చినా వీడికి చీమ కుట్టినట్టు ఉండదు. అప్పుడు దిగుతాడు ఆఫ్రికా మాంత్రికుడు. "నేను మీ నాన్న తమ్ముణ్ణిరా" అంటూ వీధి మధ్యలో కౌగిలించుకుని ఏడుస్తాడు. కొత్త బట్టలు కొనిపెడతాడు, బట్టల దుకాణం పెట్టిస్తానంటాడు. జీవితంలో మొదటిసారి ఒక పెద్దమనిషి తనతో మర్యాదగా మాట్లాడేసరికి వాడు వెనకాలే నడిచిపోతాడు.

ఇంతమందిలో వీణ్ణే ఎందుకు పట్టుకున్నాడు? ఇక్కడ చాలా పిల్లల పుస్తకాలు, వాడు పుట్టిన నక్షత్రమనో, వాడి చేతిరేఖలనో చెబుతాయి. పాత కథ చెప్పే కారణం వేరు, నన్ను అడిగితే అదే భయంకరం. ఆ కుర్రాడు ఎవరికీ లెక్కలోకి రానివాడు. నేలమాళిగలోకి దింపి, దీపం చేతికొచ్చాక పైన రాయి మూసేస్తే ఊళ్లో అడిగేవాడు ఉండడు. అందుకే వాడు పనికొచ్చాడు. ఎవరికీ పట్టని పిల్లల్ని వెతుక్కుంటూ వచ్చి "బాబూ" అని పిలిచేవాడు అన్నిసార్లూ మంచివాడు కాకపోవచ్చు. ఇది పిల్లలకు నేను విడిగా చెప్పను, చెబితే కథ పాడవుతుంది. మాంత్రికుడు ఏడుస్తున్నచోట గొంతు కొంచెం ఎక్కువ తియ్యగా పెడతాను. ముందు నవ్విన పిల్లలు మెల్లగా నవ్వాపేస్తారు.

మన 'పాతాళభైరవి' సినిమా 1951లో వచ్చింది. దాని వెనక మధిర సుబ్బన్న దీక్షితులుగారి కాశీమజిలీ కథలున్నాయంటారు. కానీ కోరిందల్లా ఇచ్చే బొమ్మ, అది మాంత్రికుడి చేతిలో పడటం, మేడతో సహా రాజకుమారి మాయమైపోవడం చూస్తే అల్లావుద్దీన్ చాయలు కనబడక మానవు. ఒక్క తేడా. తోటరాముడు తోటమాలి కొడుకే అయినా మొదటి నుంచీ సాహసవంతుడు. మాంత్రికుడికి కావలసిందీ బలికి తగిన ధీరుడే. ఎన్టీ రామారావుగారిని పెట్టుకుని సోమరిపోతును చూపించలేరు కదా! సినిమాగా అది గొప్ప నిర్ణయమే, ఆ మాంత్రికుడి వేషంలో ఎస్వీ రంగారావుగారు ఉండగా ఎదుట నిలబడేవాడు గట్టివాడే కావాలి. కానీ కథలు చెప్పేవాడిగా నా ఓటు దర్జీ కొడుక్కే. వీరుడికి భూతం దొరికితే బహుమతి, పనికిమాలినవాడికి దొరికితే ప్రమాదం. వాడు దాంతో ఏం చేసి పెడతాడోనన్న బెంగే వినేవాణ్ణి కూర్చోబెడుతుంది.

ఇక దీపం. అల్లావుద్దీన్ నేలమాళిగలోంచి, మాంత్రికుడు వేలికి తొడిగిన ఉంగరం భూతం పుణ్యమా అని బయటపడి ఇల్లు చేరిన మర్నాటికి ఇంట్లో తినడానికేమీ లేదు. తల్లి వడికిన నూలు అమ్మి ఏదైనా తెస్తానంటుంది. నూలెందుకు, ఈ దీపం అమ్ముదాం అంటాడు వీడు. మురికిగా ఉంది, తోమితే నాలుగు డబ్బులు ఎక్కువొస్తాయని ఆమె కాసిని నీళ్లూ సన్నటి ఇసుకా తీసుకుని కూర్చుంటుంది. భూతం వచ్చింది అందుకు! మంత్రం లేదు, అదృష్టాన్ని పరీక్షించుకోవడం లేదు. అమ్మకానికి పెట్టే ముందు సామాను తోమి పెట్టే పేదింటి అలవాటు. ఇత్తడి చెంబు ఇసుకతో తోమిన చెయ్యి ఏ ఇంట్లో ఉన్నా ఆ ఇంటివాళ్లకు ఈ ఘట్టం ఇట్టే అర్థమవుతుంది. సినిమాల్లో దీపం రుద్దేది కథానాయకుడు, అదీ కుతూహలం కొద్దీ. పాత కథలో రుద్దింది వాళ్లమ్మ, ఆకలి కొద్దీ. నేను చెప్పేటప్పుడు ఈ తోమడాన్ని చాలాసేపు సాగదీస్తాను. మట్టి వదలడం, కింద లోహం మెరవడం, ఆమె చీకట్లో కళ్లు చికిలించుకోవడం. భూతానికి ఒక్క వాక్యం చాలు.

ఆమె మూర్ఛపోతుంది. కొడుకు దీపం లాక్కుని అడిగే మొదటి కోరిక అన్నం. పెద్ద వెండి పళ్లెంలో పన్నెండు వెండి పళ్లేల నిండా వంటకాలు, ఆరు తెల్ల రొట్టెలు, రెండు సీసాల ద్రాక్షసారా, రెండు వెండి గిన్నెలు. తేరుకున్న తల్లి ముందు భోజనం చేస్తుంది, ఆ తర్వాతే సంగతి అడిగి, ఆ దీపమూ ఉంగరమూ పారెయ్యరా, వాటితో పొత్తు మనకొద్దు అంటుంది. వాడు వినడు. కానీ ఆ తర్వాత ఏం చేస్తాడనుకున్నారు? మేడ అడగడు. ఆ వెండి పళ్లేలను ఒక్కొక్కటే బజారుకు తీసుకెళ్లి, విలువ తెలియక ఒక్కో బంగారు నాణేనికి అమ్ముకుని రోజులు గడుపుతాడు. లోకాన్ని కొనగల దీపం గూట్లో పెట్టుకుని తల్లీ కొడుకులు ఏళ్ల తరబడి పొదుపుగా బతుకుతారు. పేదరికం గురించి ఇంతకంటే నిజంగా రాసిన చోటు నాకు తక్కువే తగిలింది. కోరడానికి కూడా అలవాటు ఉండాలి.

మా కుర్రాడి ప్రశ్నకు సగం జవాబు ఇదే. మిగతా సగం నియమాల్లో ఉంది. కోరికలకు లెక్క లేదు గానీ ఈ కథలో భూతాలకు హద్దులున్నాయి. తర్వాతెప్పుడో దీపంతోనే కట్టించుకున్న మేడను, భార్యతో సహా, మాంత్రికుడు దీపం కాజేసి ఆఫ్రికాకు ఎత్తుకుపోయినప్పుడు అల్లావుద్దీన్ ఉంగరం భూతాన్ని పిలిచి మేడ వెనక్కి తెమ్మంటాడు. అది నా వల్ల కాదు, దీపం భూతం పని దీపం భూతమే చెయ్యాలంటుంది. మన ఆఫీసుల్లో ఈ బల్ల దగ్గర పని ఆ బల్ల దగ్గర జరగనట్టు! కావాలంటే నిన్నక్కడ దింపుతానంటుంది. మిగిలినదంతా వాడూ, వాడి భార్యా తమ తెలివితో చేసుకోవలసిందే. ఇంకోటి చివర్లో వస్తుంది. మేడ గోపురానికి రుఖ్ అనే మహాపక్షి గుడ్డు వేలాడదీస్తే బాగుంటుందని ఎవరో ఎక్కించిన మాట పట్టుకుని అల్లావుద్దీన్ దాన్ని తెమ్మంటాడు. అంతవరకూ కిక్కురుమనకుండా చెప్పింది చేసిన భూతం మేడ అదిరిపోయేలా అరుస్తుంది. మా యజమానినే తెచ్చి ఇక్కడ వేలాడదీయమంటావా, ఇది నీ సొంత బుద్ధి కాదు కాబట్టి బతికిపోయావు, లేకపోతే బూడిదయ్యేవాడివి అంటుంది. అన్నాళ్లూ బంటనుకున్నది బంటు కాదు. దానికి వేరే ప్రభువున్నాడు, వేరే లోకముంది, మనకు తెలియని మర్యాదలున్నాయి. ఈ చోటు వదిలేసి కథ చెప్పేవాళ్లంటే నాకు కోపం.

ఆ లోకం మన మధ్యే ఉందన్నది, మనం భూతాలంటున్న ఈ జిన్నుల కథలన్నిటికీ పునాది. పొగలేని మంట నుంచి పుట్టినవాళ్లనీ, వాళ్లలోనూ విశ్వాసులూ అవిశ్వాసులూ ఉన్నారనీ ఖురాన్ చెబుతుంది. వాళ్లకీ పెళ్లాం పిల్లలుంటారు. వేయిన్నొక్క రాత్రుల్లో కథలు చెప్పే షహ్రాజాద్ ఎత్తుకున్న మొట్టమొదటి కథలో ఓ వర్తకుడు ఖర్జూరం తిని గింజ విసిరేస్తాడు. ఆ గింజ కంటికి కనబడని ఓ జిన్ను కొడుక్కి తగిలి ప్రాణం పోతుంది. తండ్రి కత్తి దూసి వచ్చి నిలబడతాడు. గింజ విసరడం కూడా నేరమయ్యే లోకం! ఒక్క ఖర్జూరపు గింజతో కథకుడు మనం కూర్చున్న గదినంతా జిన్నులతో నింపేశాడు.

అల్లావుద్దీన్ కథ చెప్పిన కథకుడెవరో కూడా మనకు తెలుసు. చిత్రమేమంటే చాలాకాలం ఎవరూ పట్టించుకోలేదు. వేయిన్నొక్క రాత్రుల పాత అరబీ ప్రతుల్లో ఈ కథ లేదు. ఆంత్వాన్ గాలాన్ అనే ఫ్రెంచి పండితుడు ఆ గ్రంథాన్ని 1704 నుంచి సంపుటాలుగా అచ్చువేస్తూ వచ్చాడు. చేతిలో ఉన్న ప్రతి అయిపోయింది, పాఠకులు మాత్రం ఇంకా ఇంకా అంటున్నారు. అలాంటి సమయంలో, 1709 వసంతంలో, పారిస్‌లో ఆయనకు హన్నా దియాబ్ తగిలాడు.

సిరియాలోని అలెప్పోకు చెందిన మారొనైట్ క్రైస్తవ కుర్రాడు, ఇరవై దాటి ఎన్నాళ్లో కాలేదు. వర్తకుల దగ్గర పనిచేశాడు. సన్యసిద్దామని లెబనాన్ కొండల్లో మఠంలో చేరాడు, ఇమడలేక వచ్చేశాడు. ఇంట్లోనూ నిలవలేదు. ఇంతలో పాల్ లూకా అనే ఫ్రెంచి యాత్రికుడు తారసపడ్డాడు. ఫ్రాన్సు రాజుగారి కోసం పాత నాణేలూ, వింత వస్తువులూ పోగేసేవాడు. నాకు దుబాసీగా రా, పారిస్‌లో రాజుగారి గ్రంథాలయంలో ఉద్యోగం వేయిస్తానన్నాడు. కుర్రాడు వెంట బయల్దేరాడు. ప్రయాణం మొదట్లోనే ఓ పాత సమాధిలోకి ఒక మేకలకాపరిని డబ్బిచ్చి దింపాడు లూకా. వాడు లోపల్నుంచి తెచ్చినవి ఒక ఉంగరం, ఒక దీపం. ఇది కథ కాదు, దియాబ్ తన యాత్రల పుస్తకంలో రాసుకున్న సంగతి. లూకాను మాంత్రికుడనడం అన్యాయమే, కుర్రాణ్ణి వెర్సాయ్‌కి తీసుకెళ్లి పద్నాలుగో లూయీ ముందు నిలబెట్టినవాడు మరి. కానీ ఉద్యోగం మాత్రం రాలేదు.

గాలాన్ తన డైరీలో రాసుకున్నదాన్ని బట్టి 1709 మే 5న ఈ దీపం కథ విన్నాడు. అలీబాబా కథ చెప్పిందీ దియాబే. అల్లావుద్దీన్ కథను అతను అరబీలో రాసి కూడా ఇచ్చాడు. ఆ కాగితాలు ఇప్పుడు లేవు. తర్వాత బయటపడ్డాయన్న అరబీ ప్రతులు ఫ్రెంచి నుంచి వెనక్కి తిప్పి రాసినవని తేలింది. గాలాన్ అచ్చువేసిన పుస్తకాల్లో మాత్రం ఆ కుర్రాడి పేరు ఎక్కడా వేయలేదు. దియాబ్ 1710లో అలెప్పో చేరి బట్టల దుకాణం పెట్టుకున్నాడు. కథలో మాంత్రికుడు అల్లావుద్దీన్‌కు ఆశపెట్టింది కూడా బట్టల దుకాణమేనన్నది మరిచిపోకండి. డెబ్బై దాటాక కూర్చుని ఆ యాత్ర రాసుకున్నాడు. అందులో కథల ప్రస్తావన నాలుగు మాటలే. ఒక ముసలాయన వేయిన్నొక్క రాత్రులు అనువదిస్తుండేవాడు, కథలు తక్కువ పడితే నాకు తెలిసినవి చెప్పాను, ఆయన సంతోషించాడు, అంతే. తను చెప్పిన కథలు ప్రపంచం చుట్టివచ్చాయని అతనికి తెలిసినట్టు ఆ పుస్తకంలో ఎక్కడా కనబడదు. ఆ రాతప్రతి వాటికన్ గ్రంథాలయంలో ఉంది. రాసింది దియాబేనని 1993లో గానీ గుర్తించలేదు. ఫ్రెంచిలోకి 2015లోనూ, ఇంగ్లీషులోకి 2021లోనూ వచ్చింది.

ఎందులోనూ ఇమడనివాడూ, దూరదేశపు పెద్దమనిషి మాట నమ్మి వెంట వెళ్లినవాడూ చెప్పిన కథ కాబట్టే అందులో ఆ కుర్రాడి గుండె దడ మనకు వినబడుతుంది. ఇది ఋజువు చేయగలిగింది కాదు. కథలు చెప్పి బతికినవాళ్లెవరినైనా అడగండి, ఒప్పుకుంటారు.

తెలుగులో ఈ కథ ఎన్నిసార్లు అచ్చయిందో లెక్కలేదు. అట్ట మీద 'అరేబియన్ నైట్స్' అని ఉంటుంది, బొమ్మలు గీసినవారి పేరూ, ధరా కూడా ఉంటాయి. ఇకమీదట పిల్లల కోసం అల్లావుద్దీన్ పుస్తకం వేసే ప్రచురణకర్తలకు నా మనవి ఒక్కటే: లోపలి పేజీలో 'ఈ కథ చెప్పినవారు: అలెప్పోకు చెందిన హన్నా దియాబ్' అని ఒక వరస వేయండి. దానికి కొత్తగా ఖర్చేమీ కాదు.